టీనేజ్ పిల్లల తిండి, ఆట: చెప్తే వినరు, మరి ఏం చేయాలి?

#1 నిద్రలేని నాన్న

అందరికీ నమస్కారం. ఇంట్లో ఇద్దరు పిల్లలు. అమ్మాయికి పదిహేను, అబ్బాయికి పదమూడు. చిన్నప్పుడు పెట్టింది తినేవారు, సాయంత్రమైతే ఇంట్లోకి రమ్మని కేకలేయాల్సి వచ్చేది. ఇప్పుడు గదిలోంచి బయటికి రమ్మని కేకలేయాల్సి వస్తోంది. అమ్మాయి పొద్దున ఏమీ ముట్టకుండా స్కూలుకు పోతుంది, తిరిగి రాగానే చెప్పులైనా విప్పకుండా చిప్స్ ప్యాకెట్ చింపుతుంది. వాడికి కూల్‌డ్రింక్ లేనిదే ముద్ద దిగదు. ఏమైనా అంటే "మళ్లీ మొదలెట్టావా నాన్నా" అని ఇద్దరూ ఒక్కటవుతారు. వాళ్లిద్దరూ కలిసే సందర్భం అదొక్కటే.

ఆసుపత్రికి తీసుకెళ్లేంత సమస్య ఏమీ లేదు. కానీ ఈ వయసులో పడిన అలవాటు తర్వాత మారదేమోనని టెన్షన్. మీ ఇళ్లల్లో, స్కూళ్లల్లో నిజంగా పనిచేసింది ఏదైనా ఉంటే చెప్పండి. "ముందు మీరు ఆదర్శంగా ఉండండి" లాంటివి వద్దు, అవి చదివీ చదివీ విసుగొచ్చింది.

#2 కచ్చితం

ఇందులో చర్చించడానికి ఏముంది సార్? డబ్బులు మీవి, ఇల్లు మీది. కొనకండి. ఇంట్లో లేకపోతే ఎక్కడ తింటారు? ఫోన్ తీసుకుని రోజూ గంట ఆడితేనే తిరిగిస్తానని చెప్పండి. వారం గోల చేస్తారు, తర్వాత దారిలోకి వస్తారు.

#3 కత్తిపీట

నేను డైటీషియన్‌ని. ఇలాంటి ప్రశ్న అడగగానే వచ్చే సలహాల్లో ముప్పాతిక వంతు "మానిపించండి, తగ్గించండి" అనే ఉంటాయి. నేను అటునుంచి మొదలుపెట్టను.

ఈ వయసు ఆకలి నిజమైన ఆకలి. ఎత్తు పెరిగే వేగం అమ్మాయిల్లో సుమారు పన్నెండేళ్లకు, అబ్బాయిల్లో పద్నాలుగేళ్లకు తారస్థాయికి చేరుతుంది. ఎముకల గట్టితనంలో దాదాపు 90 శాతం అమ్మాయిలకు 18, అబ్బాయిలకు 20 ఏళ్లు వచ్చేసరికే ఏర్పడిపోతుంది. అందుకే అమెరికా ప్రమాణాల్లో 9 నుంచి 18 ఏళ్ల వాళ్లకు రోజుకు 1300 మిల్లీగ్రాముల కాల్షియం అన్నారు, పెద్దవాళ్లకు చెప్పినదానికన్నా ఎక్కువ. ఐరన్ 14 నుంచి 18 ఏళ్ల అమ్మాయిలకు 15 మిల్లీగ్రాములు, అదే వయసు అబ్బాయిలకు 11. నెలసరిలో పోయేది పూడ్చుకోవాలి కదా.

పొద్దున తినని పిల్ల నాలుగు గంటలకు చిప్స్ మీద పడటంలో వింతేమీ లేదు. ఎనిమిది, తొమ్మిది గంటలు కడుపు మాడ్చుకుని వచ్చింది. చిప్స్ మాట ఎత్తకుండా, తను వచ్చే వేళకు కడుపు నిండేది ఒకటి ఎదురుగా పెట్టండి. ఉడికించిన గుడ్లు, వేయించిన పల్లీలు, పెరుగు, కోసిపెట్టిన పండ్లు, ఏదైనా సరే. "కోసిపెట్టిన" అన్నది కావాలనే అన్నాను. ఈ వయసులో కాయ కడిగి, తొక్క తీసి, కోసుకు తినేంత ఓపిక ఎవరికీ ఉండదు, మనకు మాత్రం ఉందా ఏంటి? ప్యాకెట్ చింపడానికి పట్టేంత సమయంలోనే తినగలిగితే తింటారు.

పొద్దున ఆకలి వేయదంటే బలవంతం వద్దు. చేతిలో పట్టుకుపోయేది ఏదైనా ఇవ్వండి, మొదటి విరామంలో తింటుంది.

#4 పదహారు ప్లస్

నేను ఇక్కడ ఎప్పుడూ రాయలేదు, చదువుతుంటాను అంతే. నాకు పదహారేళ్లు. కచ్చితం అంకుల్, ఇంట్లో లేకపోతే ఎక్కడ తింటారని అడిగారు కదా. స్కూలు బయట తింటాం, ఫ్రెండ్స్ దగ్గర తింటాం. ఇంట్లో దొరకదు కాబట్టి బయట దొరికినప్పుడు రెండు తింటాం. మా క్లాసులో ఒకమ్మాయి ఇంట్లో అన్నీ బంద్. తన బ్యాగులో పుస్తకాల వెనక ఎప్పుడూ మూడు నాలుగు రేపర్లు మడిచి ఉంటాయి, ఇంటి చెత్తబుట్టలో వేస్తే దొరికిపోతుందని స్కూల్లోనే పారేస్తుంది.

ఇంకో విషయం. మేం తినేటప్పుడు తిండి గురించి మాట్లాడకండి ప్లీజ్. రెండోసారి వడ్డించుకుంటుంటే ఎవరో ఒకరు చూస్తారు. ఏమీ అనరు, చూస్తారు. దానికన్నా తిట్టడం నయం.

#5 కచ్చితం

తల్లీ, మీరు దాచుకుని తింటారని మేం కొనిపెట్టాలా? మా కాలంలో ఇవన్నీ లేవు. నాలుగు కిలోమీటర్లు నడిచి స్కూలుకు పోయేవాళ్లం.

#6 అర్ధరాత్రి డ్యూటీ

వచ్చేసింది నాలుగు కిలోమీటర్ల నడక. దానికోసమే చూస్తున్నా.

#7 కత్తిపీట

కచ్చితం గారి మాటలో సగం నిజం ఉంది, కొట్టిపారేయకండి. ఇంట్లోకి ఏం రావాలన్నది పెద్దవాళ్ల పనే. కాకపోతే కొనకపోవడం వేరు, కొని దాచిపెట్టడం వేరు. కళ్లకు కనబడుతూ చేతికి అందనిదాని మీదికే మనసు పోతుంది. 1999లో ఫిషర్, బర్చ్ అనే పరిశోధకులు దీన్నే పరీక్షించారు. పిల్లల ఎదురుగా ఒక చిరుతిండి పెట్టి, కాసేపు తిననివ్వకుండా ఆపితే, దాని గురించే మాట్లాడటం, దాన్నే అడగడం పెరిగింది. వాళ్లు చిన్నపిల్లలు లెండి, మూడు నుంచి ఐదేళ్లవాళ్లు. టీనేజర్లకు అది యథాతథంగా వర్తిస్తుందని అనను. కానీ పైన అమ్మాయి చెప్పిన రేపర్ల కథ నా దగ్గరికొచ్చే కుటుంబాల్లో చాలామందిది.

నేను చెప్పేది: కూల్‌డ్రింక్ రోజూ ఇంట్లో నిల్వ ఉంచొద్దు. తాగాలనిపించినప్పుడు బయట తాగనివ్వండి. దానిమీద ప్రసంగం వద్దు, తాళాలు వద్దు, "ఈ వారం బుద్ధిగా ఉంటే ఇస్తా" అనే బేరాలు అసలే వద్దు. బహుమతి అన్నారంటే దాని విలువ మీరే పెంచినట్టు.

#8 తెల్లకోటు

పిల్లల డాక్టర్‌ని. "పదహారు ప్లస్" రాసిన రెండో పేరా ఈ థ్రెడ్‌లో అన్నిటికన్నా ముఖ్యమైనది, అందుకే కాస్త వివరంగా రాస్తాను.

అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2016లో ఒక నివేదిక ఇచ్చింది. ఊబకాయాన్నీ, తిండికి సంబంధించిన మానసిక రుగ్మతలనూ ఒకేసారి ఎలా నివారించాలన్నది విషయం. ఈ రెండూ ఎదురెదురు సమస్యలని చాలామంది అనుకుంటారు. నిజానికి రెండూ ఒక గుమ్మంలోంచే రావచ్చు. మూడు విషయాల్ని వద్దన్నారు: డైటింగ్, ఇంట్లో బరువు గురించిన మాటలు, బరువు మీద వెక్కిరింపులు. కావాలన్నవి రెండు: ఇంటిల్లిపాదీ కలిసి తినడం, తమ శరీరం మీద పిల్లలకు అయిష్టం కలగకుండా చూడటం.

దీని వెనక మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో డయాన్ న్యూమార్క్-స్టైనర్ బృందం ఏళ్ల తరబడి చేసిన పని కూడా ఉంది. వాళ్లు టీనేజర్లను ఐదేళ్ల తర్వాత మళ్లీ కలిసి చూశారు. మొదట్లో డైటింగ్ చేసినవాళ్లు సన్నబడలేదు సరికదా, చేయనివాళ్లకన్నా ఎక్కువ బరువు పెరిగారు. అదుపు లేకుండా ఒక్కసారిగా తినేయడమూ వాళ్లలోనే ఎక్కువ. ఆ ఫలితాలు వచ్చింది 2006లో. అయినా ఇప్పటికీ పద్నాలుగేళ్ల పిల్లలకు డైట్ చార్ట్ రాసివ్వమని నన్ను అడిగే తల్లిదండ్రులకు కొదవలేదు.

ఇంట్లో బరువు మాట అంటే పిల్లల బరువు మాత్రమే అనుకోకండి. అమ్మ అద్దం ముందు నిలబడి తన పొట్ట గురించి అనుకునేది కూడా అందులోకే వస్తుంది.

#9 నిద్రలేని నాన్న

డాక్టర్ గారూ, చాలా థాంక్స్. ఒక సందేహం. మరీ ఎక్కువ పెరిగిపోతున్నా నోరు మూసుకుని కూర్చోవాలా? మావాడు ఏడాదిలో బాగా ఒళ్లు చేశాడు. ఫోన్‌లో బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె) లెక్క వేసి చూశాను, అంకె 23.5 వచ్చింది. అది నార్మల్ అని చూపిస్తోంది.

#10 తెల్లకోటు

ఆ లెక్క పెద్దవాళ్లది. 25 దాటితే అధిక బరువు, 30 దాటితే ఊబకాయం అనే హద్దులు పిల్లలకు చెల్లవు. 5 నుంచి 19 ఏళ్ల వాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వేరే పట్టికలు ఇచ్చింది, వయసు, ఆడా మగా తేడా చూసి వాటితో పోల్చాలి. పదమూడేళ్ల అబ్బాయికి 23.5 అంటే ఆ పట్టికలో అధిక బరువు కిందికే వస్తుంది. కంగారు పడకండి. ఎత్తు పెరగబోయే ముందు ఒళ్లు చేయడం ఈ వయసులో మామూలే. ఒక్క అంకె చూసి ఏదీ తేల్చం, రెండు మూడేళ్లుగా ఎదుగుదల గీత ఎటు పోతోందో చూస్తాం. ఒకసారి డాక్టర్‌కు చూపించండి. వాడు కాసేపు డాక్టర్‌తో ఒంటరిగా మాట్లాడే వీలు ఇవ్వండి. బరువు మాట మీ నోట కాకుండా అక్కడ వింటే తేలిగ్గా తీసుకుంటాడు.

స్కూళ్లలో బరువు తూచి ఇంటికి కాగితం పంపే పద్ధతి గురించి కూడా చెప్పాలి. కాలిఫోర్నియాలో 79 స్కూళ్లలో, దాదాపు 29 వేల మంది పిల్లల మీద దాన్ని పరీక్షించారు. కాగితం అందుకున్న ఇళ్లల్లో పిల్లల బరువులో మార్పేమీ రాలేదు. స్కూల్లో తూచిన చోట మాత్రం తమ ఒంటి మీద పిల్లలకు అసంతృప్తి పెరిగింది.

#11 విజిల్

తిండి గురించే నడుస్తోంది, ఆట సంగతి నేను ఎత్తుకుంటాను. చాలాకాలంగా పీఈటీని.

5 నుంచి 17 ఏళ్ల వాళ్లు రోజుకు సగటున 60 నిమిషాలు, ఊపిరి వేగం పెరిగేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. వారంలో కనీసం మూడు రోజులు గట్టిగా చెమట పట్టే పని, కండరాలకూ ఎముకలకూ బలాన్నిచ్చే పని ఉండాలి. 146 దేశాల లెక్కలు తీస్తే 11 నుంచి 17 ఏళ్ల వాళ్లలో 81 శాతం మంది ఆ మాత్రం కూడా కదలడం లేదని 2019లో తేలింది. అమ్మాయిల్లో 85, అబ్బాయిల్లో 78 శాతం. కాబట్టి నాన్నగారూ, మీ పిల్లలు వింత పిల్లలేమీ కాదు.

పిల్లలు సోమరులయ్యారు అనే మాట మీద నాకు నమ్మకం లేదు. గేమ్స్ పీరియడ్‌లో ఏం జరుగుతుందో చెప్తాను. ఇద్దరు కెప్టెన్లు నిలబడి ఒక్కొక్కరినీ పిలుచుకుంటారు. మొదటి ఆరుగురి మొహాలు వెలిగిపోతాయి. చివరికి ఇద్దరు మిగులుతారు, షూ లేసు కట్టుకుంటున్నట్టు వంగుతారు. కెప్టెన్ "సరే, నువ్వు రా" అంటాడు. ఆ పిల్లాడు నలభై నిమిషాలు మైదానం అంచున నిలబడి బంతి తనవైపు రాకూడదని మొక్కుకుంటాడు. పెద్దయ్యాక వ్యాయామం అంటే వాడికి గుర్తొచ్చేది అదే. పైగా అల్లరి చేసినవాళ్లకు శిక్షగా రౌండ్లు కొట్టిస్తాం! పరుగును శిక్షగా వాడి, మళ్లీ పరుగెత్తడం లేదని పిల్లల్ని అంటున్నాం.

నేను కెప్టెన్ల ఎంపిక ఎత్తేశాను, జట్లు నేనే వేస్తాను. పెద్ద జట్ల బదులు ముగ్గురు ముగ్గురు చిన్న ఆటలు పెడతాను, బంతి అందరి కాలికీ తగులుతుంది. ప్రతి నెలా రెండు మూడు రకాలు పెట్టి ఎంచుకోమంటాను. పోటీ ఇష్టమైనవాళ్లు ఆడతారు, మిగతావాళ్లు స్కిప్పింగో డాన్సో బరువులతో కసరత్తో చేస్తారు. మంచి ఆటగాళ్లు కాస్త గొణుగుతారు. గొణగనీ.

#12 పదహారు ప్లస్

సర్, మీలాంటి పీఈటీ మాకు ఉంటే బాగుండేది. కానీ మీరు అమ్మాయిల సంగతి వదిలేశారు. 85 శాతం ఎందుకో నేను చెప్తాను.

మా యూనిఫాం లేత రంగు. పీరియడ్స్ వచ్చిన రోజుల్లో ఎవరూ పరుగెత్తరు, స్వెటర్ నడుముకు కట్టుకుని కూర్చుంటారు. ఎండాకాలంలో కూడా స్వెటర్ తెచ్చేది దానికే. పీఈటీ సర్‌కు ఎలా చెప్పాలో తెలియక "కడుపు నొప్పి" అంటాం. ఆయనేమో "మీకు రోజూ కడుపు నొప్పే" అని అందరిముందూ అంటారు. బట్టలు మార్చుకోవడానికి చోటు ఒక్కటే, దాని గడియ పడదు, ఒకరు తలుపు పట్టుకుని నిలబడాలి. చెమట పట్టాక మొహం కడుక్కోవడానికి టైమ్ ఉండదు, నేరుగా క్లాసుకే. దానికి తోడు అబ్బాయిలు గోడమీద కూర్చుని చూస్తుంటారు.

మాకు ఆటలు ఇష్టం లేవని అందరూ అంటారు. మేం ఇంట్లో తలుపేసుకుని గంట డాన్స్ చేస్తాం. దాన్ని ఎవరూ లెక్కవేయరు.

#13 విజిల్

నిజమే తల్లీ. మా దగ్గర అమ్మాయిల్ని కూర్చోబెట్టి అడిగితే మొదట వచ్చింది రంగు మాటే. ముదురు రంగు ట్రాక్‌ప్యాంట్ వేసుకోవచ్చని నోటీసు పెట్టించాం. కారణం అడగకుండా పక్కన కూర్చునే హక్కు ఉంటుందని మొదటి రోజే చెప్తాను. హక్కు ఇచ్చాక కూర్చునేవాళ్లు పెరుగుతారని హెడ్‌మాస్టర్ భయపడ్డారు. పెరగలేదు. గేమ్స్ పీరియడ్ చివరి పది నిమిషాలు చేతులు, మొహం కడుక్కోవడానికే వదిలేస్తాను.

డాన్స్ నూటికి నూరు పాళ్లు లెక్కలోకి వస్తుంది. గంట డాన్స్ చేశావంటే ఆ రోజు కోటా అయిపోయినట్టే.

#14 బెల్లు కొట్టాక

హైస్కూల్లో సైన్స్ చెప్తాను. విజిల్ సార్ చెప్పనిది ఒకటుంది. పరీక్షలు దగ్గరపడితే మొదట ఎగిరిపోయేది గేమ్స్ పీరియడే. ఆ గంట లెక్కలకో సైన్స్‌కో ఇస్తారు. ఆ గంట తీసుకునే టీచర్లలో నేనూ ఉంటాను కాబట్టి నాకు బాగా తెలుసు. ఆటకు సమయం ఇస్తే మార్కులు తగ్గుతాయన్న భయానికి ఆధారం మాత్రం లేదు. దీనిమీద వచ్చిన పరిశోధనల్లో ఎక్కువ భాగం మార్కులు తగ్గలేదనో, కాస్త పెరిగాయనో చెప్తున్నాయి.

స్కాట్లాండ్‌లోని స్టర్లింగ్‌లో ఒక ప్రాథమిక పాఠశాల 2012లో మొదలుపెట్టిన "డైలీ మైల్" గురించి వినే ఉంటారు. రోజూ పదిహేను నిమిషాలు అందరూ యూనిఫాంలోనే బయట నడవడమో పరుగెత్తడమో చేస్తారు. చాలా దేశాలకు పాకింది. కానీ అది చిన్న తరగతులకు పనికొచ్చినట్టు పెద్ద తరగతులకు పనికిరాదు. పద్నాలుగేళ్లవాళ్లను వరసగా తిప్పితే రెండో వారానికే నీరసంగా ఈడ్చుకుంటూ నడుస్తారు.

తిండి విషయంలో నేను క్లాసులో చేసేది చెప్తాను. "ఇది ఆరోగ్యానికి మంచిది కాదు" అని ఎప్పుడూ అనను. ఖాళీ సీసాలు తెమ్మంటాను, లేబుల్ చదివిస్తాను. మామూలు కోలాలో 100 మిల్లీలీటర్లకు పది, పదకొండు గ్రాముల చక్కెర ఉంటుంది. 600 మిల్లీలీటర్ల సీసా అంటే అరవై గ్రాముల పైన. పిల్లలే త్రాసు మీద చక్కెర తూచి గ్లాసులో పోస్తారు. చెంచాకు నాలుగు గ్రాములు, సుమారు పదహారు చెంచాలు. పదో చెంచా దగ్గర నవ్వులు ఆగిపోతాయి. రోజుకు 2000 కేలరీలు తినేవాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పైహద్దు 50 గ్రాములు, 25 లోపు ఉంటే ఇంకా మంచిదంటుంది.

తర్వాత ముందువైపు లేబుల్ చూపిస్తాను. పండ్ల డ్రింక్ సీసా మీద పెద్దగా పండు బొమ్మ, వెనక చీమల్లాంటి అక్షరాల్లో "రసం 5 శాతం". మిమ్మల్ని ఎవరు ఫూల్ చేస్తున్నారో చూడండి అంటాను. అక్కడే వాళ్లకు కోపం వస్తుంది. ఆ కోపమే నాకు కావాల్సింది.

ఇది నా సొంత తెలివి కాదు. బ్రయాన్, యేగర్ అనే పరిశోధకులు 2016లో ఎనిమిదో తరగతి పిల్లల మీద చేసిన ప్రయోగం చదివాక మొదలుపెట్టాను. కొందరికి మామూలు ఆరోగ్య పాఠం ఇచ్చారు. కొందరికి, తినడం ఆపలేకుండా తిండిని ఎలా తయారుచేస్తారో, పిల్లల్ని గురిచూసి ఎలా అమ్ముతారో వివరించే వ్యాసం ఇచ్చారు. మర్నాడు ఏ సంబంధమూ లేనట్టు క్లాసులో చిరుతిళ్లు పెడితే, రెండో గుంపు చెత్త తిండి తక్కువ ఎంచుకుంది. 2019లో మళ్లీ చేసినప్పుడు క్యాంటీన్ కొనుగోళ్లు మూడు నెలలపాటు గమనించారు. అబ్బాయిల్లో ప్రభావం నిలిచింది, అమ్మాయిల్లో అంత స్పష్టంగా లేదు.

పెద్దల మాట వినడం పిల్లతనం, కంపెనీ మాట వినకపోవడం పెద్దరికం. ఈ వయసులో లెక్క అలాగే ఉంటుంది.

#15 కత్తిపీట

బెల్లు కొట్టాక గారూ, చాలా బాగుంది. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. తిండి ప్రయోగాల్లో కొట్టొచ్చినట్టుండే ఫలితాలన్నిటినీ నమ్మేయకండి. ఆపిల్ మీద కార్టూన్ స్టిక్కర్ అంటిస్తే పిల్లలు బిస్కెట్ వదిలేసి ఆపిల్ తీసుకున్నారని ఒక అధ్యయనం తెగ తిరిగింది. 8 నుంచి 11 ఏళ్ల పిల్లలని రాశారు, తీరా చూస్తే వాళ్లు మూడు నుంచి ఐదేళ్లవాళ్లు. 2017లో ఆ పేపర్‌ను వెనక్కి తీసుకున్నారు.

ఇంకో మాట. చక్కెర తూచే పాఠం అబ్బాయిలకు కోపం తెప్పిస్తే, కొందరు అమ్మాయిలకు భయం తెప్పిస్తుంది. ఆ తర్వాత లేబుల్ మీద కేలరీలు లెక్కపెట్టడం మొదలుపెట్టే పిల్ల ఒకరైనా క్లాసులో ఉంటుంది. కంపెనీ మోసం దాకా వెళ్లండి, కేలరీల లెక్కలోకి దించకండి.

#16 బెల్లు కొట్టాక

ఆ కోణం బాగా చెప్పారు మేడం. కేలరీల వరస చెరిపేసి ఇస్తాను ఇకనుంచి.

#17 అర్ధరాత్రి డ్యూటీ

అందరూ బాగా రాస్తున్నారు. ఒక్కటి అడుగుతాను. నేను ఒంటరి తల్లిని, షిఫ్టు ఉద్యోగం. కోసిపెట్టిన పండ్లు, కలిసి భోజనాలు అంటున్నారు. నేను ఇంటికొచ్చేసరికి నా కొడుకు నిద్రపోతుంటాడు. చుట్టుపక్కల ఆడుకునే చోటు లేదు, చీకటి పడ్డాక బయటికి పంపే ధైర్యం లేదు. మా లాంటివాళ్లకేం చెప్తారు?

#18 కత్తిపీట

కలిసి తినడం అంటే రాత్రి భోజనమే కానక్కర్లేదు అమ్మా. మీకు వీలైన పూట ఏదో ఒకటి చాలు, వారంలో రెండుసార్లయినా సరే. టీవీ, ఫోన్ లేకుండా, తిండి గురించి కాని కబుర్లతో.

బాబుకు ఎన్నేళ్లో రాయలేదు. పదమూడు దాటితే వంట అప్పగించండి. సాయం అనకండి, అప్పగించండి. వారంలో ఒక పూట ఏం వండాలో, సరుకులేం కావాలో మొత్తం వాడిదే. మొదట్లో వంటగది యుద్ధభూమిలా ఉంటుంది, నోరెత్తకండి. నూనెలో గుడ్డు కొట్టడం, పప్పు ఉడికిందో లేదో వేళ్లతో నలిపి చూడటం, ఈ రెండూ వచ్చినవాడు ఒంటరిగా ఉన్నప్పుడు నూడుల్స్ ప్యాకెట్ ఒక్కటే దిక్కని అనుకోడు. నూడుల్సే చేసుకున్నా అందులో ఒక గుడ్డు, గుప్పెడు కూరగాయలు పడతాయి. అది కూడా మెరుగే.

#19 విజిల్

ఆట విషయానికొస్తే, 60 నిమిషాలు ఒక్క బిగిన అవసరం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లోనే ఉంది, అసలేమీ లేకపోవడంకన్నా ఎంతో కొంత నయం. గదిలో, మెట్ల మీద, తలుపు సందులో చేయగలిగేవి బోలెడు. బస్కీలు, గుంజీలు, తాడాట. కాకపోతే ఒంటరిగా చేసే కసరత్తు ఈ వయసులో ఎక్కువ రోజులు నడవదు. స్నేహితుడు ఒకడు వీడియో కాల్‌లో అవతల చేస్తుంటే నడుస్తుంది. "నీకేం చేయాలనుంది" అనే బదులు "ఎవరితో చేయాలనుంది" అని అడిగి చూడండి.

#20 తెల్లకోటు

ఇంతసేపూ ఎవరూ ఎత్తని విషయం నిద్ర. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటలు కావాలి. యుక్తవయసులో మెలటోనిన్ అనే నిద్ర హార్మోన్ ఆలస్యంగా విడుదలవుతుంది, అందుకే పదకొండుకు ముందు నిద్ర రాదు. అది మొండితనం కాదు, ఒంటి గడియారం. అమెరికాలో పిల్లల డాక్టర్లు 2014లోనే హైస్కూళ్లు 8.30కి ముందు మొదలుపెట్టొద్దని చెప్పింది ఇందుకే. నిద్ర చాలనివాళ్లకు మర్నాడు తీపి మీదికి, వేయించినవాటి మీదికి మనసు పోతుంది. కదలాలనిపించదు. పొద్దున లేవలేరు, టిఫిన్‌కు టైమ్ ఉండదు. మొదటి పోస్టులోని అమ్మాయి సమస్య చాలావరకు ఇక్కడ మొదలై ఉండొచ్చు.

నిద్రమత్తుకు ఎనర్జీ డ్రింక్ తాగేవాళ్లూ ఉన్నారు. 250 మిల్లీలీటర్ల డబ్బాలో సుమారు 80 మిల్లీగ్రాముల కెఫీన్. పిల్లలకు రోజుకు కిలో బరువుకు 3 మిల్లీగ్రాములు దాటకూడదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పింది. యాభై కిలోల పిల్లాడు అర లీటరు డబ్బా తాగితే ఆ గీత దాటేసినట్టే. నన్నడిగితే అసలే వద్దంటాను.

#21 డంబెల్

నాకు పదిహేడు. జిమ్‌కు పోతానంటే ఎత్తు ఆగిపోతుందని ఇంట్లో గొడవ. ప్రోటీన్ పౌడర్ కొనివ్వమంటే ఇంకా పెద్ద గొడవ. ఎవరైనా మా వాళ్లకు అర్థమయ్యేలా చెప్పండి.

#22 తెల్లకోటు

ఎత్తు ఆగదు. సరైన పద్ధతి నేర్పేవాళ్లు పక్కన ఉండి, తేలికపాటి బరువులతో మొదలుపెడితే బలం పెంచే వ్యాయామం ఈ వయసుకు మంచిదే. ఎత్తగలిగినంత ఎత్తి ఫ్రెండ్స్‌కు చూపించే పందేలు మాత్రం వద్దు, ఎముక చివర్లు ఇంకా పెరుగుతుంటాయి.

పౌడర్ విషయంలో మీ వాళ్ల వైపే. చాలా దేశాల్లో వాటిని మందుల్లా పరీక్షించాకే అమ్మాలన్న నియమం లేదు, డబ్బా మీద రాయనివి లోపల దొరికిన సందర్భాలున్నాయి. గుడ్లు, పాలు, పప్పులు, మాంసమో చేపో తినేవాళ్లకు అది దండగ ఖర్చు. అద్దంలో ఎంత చూసుకున్నా కండ చాలడం లేదనిపిస్తుంటే, ఆ మాట కూడా డాక్టర్‌తో అనొచ్చు. బక్కగా అవ్వాలన్న బెంగ అమ్మాయిలను తిన్నట్టే ఈ బెంగ అబ్బాయిలను తింటుంది.

#23 విజిల్

దీనికి ఇంకోవైపు కూడా చెప్పాలి. బాగా ఆడే పిల్లల్లో కొందరు ఆడినంత తినరు. పరుగు, జిమ్నాస్టిక్స్ లాంటివాటిలో ఎక్కువ. నెలసరి ఆగిపోతే "బాగా ప్రాక్టీస్ చేస్తోంది" అని మురిసిపోయే కోచ్‌లను చూశాను. అది ఒంటికి చాలినంత తిండి అందడం లేదన్న గుర్తు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో దీనికి రెడ్-ఎస్ అని పేరు కూడా పెట్టింది, అబ్బాయిలకూ వస్తుంది. మూడు నెలలు నెలసరి రాకపోతే పోటీలు పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి పోవాలి.

#24 కచ్చితం

అంతా చదివాను. పోస్టుకో డాక్టర్, పోస్టుకో పరిశోధన. నా పద్ధతి నాదే. మా ఇంట్లో కూల్‌డ్రింక్ రాదు. అయితే ఆ గోడమీద కూర్చునే అబ్బాయిల సంగతి మాత్రం ఆ స్కూలువాళ్లు చూసుకోవాలి. దానికి ఏ పరిశోధనా అక్కర్లేదు.

#25 పదహారు ప్లస్

థాంక్యూ అంకుల్ 🙂

#26 నిద్రలేని నాన్న

ఇన్ని సమాధానాలు వస్తాయనుకోలేదు. చేసినవి కొన్ని చెప్తాను, చేయలేనివి కూడా.

కూల్‌డ్రింక్ ఇంట్లో పెట్టడం ఆపాం. వాడు అలిగి భోజనం దగ్గర నీళ్లు కూడా ముట్టలేదు, తర్వాత దాహం వేసి తాగాడు. నాలుగు గంటల గిన్నె అని ఒకటి మొదలైంది, వాళ్లమ్మ పొద్దున ఆఫీసుకు వెళ్లేముందు పండ్లు కోసి ఫ్రిజ్‌లో పెడుతుంది. అమ్మాయి దాన్ని ఖాళీ చేసి చిప్స్ కూడా తింటోంది. ఏమీ అనలేదు. అనకుండా ఉండటం ఎంత కష్టమో మీకెవరికీ తెలియదు.

"ఎవరితో" అనే ప్రశ్న పనిచేసింది. వాడికి ఆడాలని లేదు, పక్క వీధిలో ఒక ఫ్రెండ్‌తో సైకిల్ మీద తిరగాలని ఉంది. పాత సైకిల్‌కు ట్యూబులు మార్పించాను. ఎక్కడెక్కడ తిరుగుతున్నాడో అడిగితే "ఊరికే" అంటాడు. అమ్మాయి విషయంలో నిద్ర మీదే పడ్డాం, రాత్రి ఫోన్లన్నీ హాల్లో చార్జింగ్ పెట్టాలన్నది రూలు. నా ఫోన్ కూడా అక్కడే పెట్టాలని తను షరతు పెట్టింది. బేరం న్యాయంగానే ఉంది కానీ అలారానికి విడిగా గడియారం కొనాల్సి వచ్చింది.

ఒక ప్రశ్న మిగిలింది. ఇంటికి పెద్దవాళ్లు వచ్చి "ఏంటమ్మా, ఇలా లావయ్యావు" అంటే ఏం చేయాలి? వాళ్ల నోరు మనం ఎలా ఆపుతాం?

#27 అర్ధరాత్రి డ్యూటీ

మా ఇంట్లో మా అత్తగారు అదే పని. "అత్తయ్యా, ఆ మాట తప్ప ఇంకేదైనా అనండి" అని మొహం మీదే చెప్పాను. అలిగారు, మానేశారు.

#28 పదహారు ప్లస్

వాళ్ల నోరు ఆపక్కర్లేదు అంకుల్. వాళ్లు అన్న వెంటనే మీరు నవ్వకండి. మాకు గుర్తుండేది వాళ్లు అన్నది కాదు, అప్పుడు అమ్మానాన్నలు నవ్వడం. అక్కడే, అందరిముందే "మా అమ్మాయి బాగానే ఉంది" అనండి. తర్వాత మా గదికొచ్చి ఓదార్చకండి, అది ఇంకా ఇబ్బంది.

#29 కాపలాదారు (నిర్వాహకులు)

ప్రోటీన్ పౌడర్ మీద నిన్నటినుంచి వచ్చిన పోస్టుల్ని "కసరత్తు" విభాగంలోకి మార్చాను, బ్రాండ్ పేర్లు తీసేశాను. ఎవరూ ఇక్కడ ఎత్తు, బరువు అంకెలు పెట్టి పిల్లల గురించి సలహా అడగొద్దు, డాక్టర్‌ను కలవండి. థ్రెడ్ తెరిచే ఉంటుంది.